మా డాబామీది ఎండ

పిల్లలూ, మీ డాబామీది ఎండలో మీ అమ్మగారు ఏమేమి పెడతారు? వడియాలు, అప్పడాలు, ఊరమిరపకాయలు, ఆవకాయ రోజుల్లో ఆవాలు. అవునా? మా ఇంట్లోనూ అంతే. నలభై ఏళ్ళపాటు మా డాబామీది ఎండకు అంతకుమించి పని ఉండేది కాదు. 2025 జనవరిలో దానికి ఇంకొక పని దొరికింది. ఆ సంగతే మీకు చెప్పబోతున్నాను. ఇందులో నేను కోపం తెచ్చుకున్న రోజు ఒకటి ఉన్నది, సిగ్గుపడిన రోజు ఒకటి ఉన్నది. ఆ రెండూ ఒకే రోజు!

నేను బడిపంతులుగా పనిచేసి విరమించుకున్నవాణ్ణి. మాది చిన్న ఊరు. మా అబ్బాయి, కోడలు, ఎనిమిదో తరగతి చదివే మనవరాలు మాతోనే ఉంటారు. వేసవి వచ్చిందంటే కరెంటు బిల్లు చూసి మా ఆవిడ గుండె పట్టుకునేది.

2024 ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం పి.ఎం. సూర్యఘర్ అనే పథకాన్ని ప్రారంభించింది. దేశంలో కోటి ఇళ్ళ కప్పులమీద సోలార్ పలకలు పెట్టించాలని దాని ఉద్దేశం. సొంత ఇల్లూ, తగిన కప్పూ, కరెంటు కనెక్షనూ ఉన్నవాళ్ళు పలకలు పెట్టించుకుంటే ప్రభుత్వం కొంత సొమ్ము ఇస్తుంది. 1 కిలోవాటుకు 30,000 రూపాయలు, 2 కిలోవాట్లకు 60,000, 3 కిలోవాట్లకు గాని అంతకు మించి గాని 78,000. అంతకంటె ఎక్కువ ఇవ్వరు. పని పూర్తి అయి, అధికారులు తనిఖీ చేసిన తరవాత ఆ డబ్బు మన బ్యాంకు ఖాతాలో పడుతుంది.

మేము 3 కిలోవాట్లు పెట్టించాము. ఆరు పెద్ద పలకలు వచ్చాయి. నీలంగా, అద్దంలా మెరుస్తున్నాయి. వాటికి సుమారు 300 చదరపు అడుగుల చోటు కావలసివచ్చింది. "ఇక వడియాలు నీ నెత్తిన పెట్టనా?" అని మా ఆవిడ నన్ను అడిగింది. తూర్పు వేపు కొంత చోటు వడియాలకు వదిలిపెట్టిన తరవాతగాని ఆమె శాంతించలేదు.

ఆ పలకల్లో ఏమున్నది? సిలికాన్. ఇసుకలో ఉండే పదార్థమే. దాన్ని శుద్ధిచేసి, పలచని రేకులుగా కోసి, తగిన మందులు కలిపితే, వెలుతురు పడగానే అందులోని ఎలక్ట్రానులు కదిలి ఒకవేపుకు ప్రవహిస్తాయి. అదే కరెంటు. వెలుతురునుంచి కరెంటు పుట్టటాన్ని 1839లో కనిపెట్టినవాడు ఫ్రాన్సు దేశపు బెకరెల్. అప్పటికి అతనికి 19 ఏళ్ళు. 1954లో అమెరికాలోని బెల్ పరిశోధనశాలవారు మొదటి పనికివచ్చే సిలికాన్ ఘటాన్ని తయారుచేశారు. తనమీద పడిన ఎండలో అది నూటికి సుమారు 6 వంతులను కరెంటుగా మార్చింది. ఇప్పటి పలకలు 20 వంతులకు పైగా మార్చగలవు.

ఐతే పలకలనుంచి వచ్చే కరెంటు ఒకే దిక్కున పారుతుంది. మన ఇంటి తీగల్లో కరెంటు సెకనుకు 50 సార్లు ముందుకూ వెనక్కూ ఊగుతుంది. ఒకదాన్ని రెండోదానిగా మార్చే పెట్టె ఇన్వర్టరు. ఇక మీటరు కూడా మారింది. మేము వాడుకోగా మిగిలిన కరెంటు వీధి తీగలోకి పోతుంది. రాత్రి వీధి తీగనుంచి మేము తీసుకుంటాము. ఇచ్చినదెంతో, పుచ్చుకున్నదెంతో కొత్త మీటరు లెక్క రాస్తుంది.

మా మనవరాలికి లెక్కలంటే ఇష్టం. పలక తీసుకుని కూర్చున్నది. ఒక కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు. మూడింటికి 12. నెలకు 360. పెట్టించటానికి మాకు 1,90,000 రూపాయలైంది. అందులో 78,000 పోతే మా చేతి సొమ్ము 1,12,000. నెలకు సగటున 1,500 రూపాయల బిల్లు తప్పితే ఏడాదికి 18,000. అంటే ఆరేళ్ళు దాటి రెండుమూడు నెలలకు మా సొమ్ము మాకు తిరిగివస్తుంది. ప్రభుత్వం ఇచ్చిన సొమ్ము లేకపోతే పదేళ్ళకు పైగా పట్టేది. మంచి పలకలు పాతికేళ్ళు పనిచేస్తాయి.

ఆ వారంలోనే ఇంగ్లండులో ఉన్న మా అమ్మాయి ఫోను చేసింది. మా సంగతి విని నవ్వి, "నాన్నా, మీకు ఎండకు డబ్బిస్తున్నారు. మాకు ఇక్కడ చలికి ఇస్తున్నారు!" అన్నది. అక్కడ చలికాలంలో ఇళ్ళను వెచ్చబెట్టటానికి చాలామంది గ్యాసు బాయిలర్లు వాడతారు. వాటిని తీసేసి హీట్ పంపు పెట్టుకునేవారికి ప్రభుత్వం 2023 అక్టోబరులో సహాయాన్ని 7,500 పౌన్లకు పెంచింది. ఆ యంత్రం ఒక యూనిట్ కరెంటు తిని సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుందట.

"అదెట్లా తాతయ్యా? శక్తిని పుట్టించటం ఎవరివల్లా కాదని మా సైన్సు పుస్తకంలో ఉన్నదే!" అని మనవరాలు నిలదీసింది.

నేను దాన్ని ఫ్రిజ్ దగ్గరికి తీసుకుపోయి, పక్క రేకుమీద చెయ్యి పెట్టమన్నాను.

"వెచ్చగా ఉంది!"

"ఆ వెచ్చదనం చాలావరకు లోపలి పాలగిన్నెలోదే. ఫ్రిజ్ దాన్ని మోసుకొచ్చి బయట పారేస్తున్నది. హీట్ పంపు కూడా అంతే. బయటి గాలి ఎంత చల్లగా ఉన్నా అందులో కొంత వేడి ఉంటుంది. ఆ వేడిని పోగుచేసి ఇంట్లోకి మోస్తుంది. నూతిలో మోటారు నీళ్ళను పుట్టిస్తుందా? తోడుతుంది, అంతే గదా!"

చూశారా, దేశాలు వేరైనా ఉపాయం ఒకటే. ఇటువంటి వస్తువులకు ఖర్చంతా మొదటిరోజే పడుతుంది. లాభం మాత్రం చినుకు చినుకుగా ఏళ్ళతరబడి వస్తుంది. అందుచేత జనం జంకుతారు. ఇక రెండో సంగతి. మన దేశంలో బొగ్గుతో ఒక యూనిట్ కరెంటు తీయటానికి సుమారు 700 గ్రాముల బొగ్గు కాలాలి. మా 360 యూనిట్లకు రెండున్నర క్వింటాళ్ళు! ఆ పొగ ఒక ఇంటి గడపదగ్గర ఆగదు, అందరి గాలిలోనూ కలుస్తుంది. అది తగ్గితే అందరికీ మేలు. అందుకే ఆ ఖర్చులో అందరూ ఓ చెయ్యి వేస్తారు. ఈ "అందరూ" అన్న మాట గుర్తుంచుకోండి.

ఇక ఆ రోజు సంగతి. 2025 మే నెల చివర. రోహిణీ కార్తెకు రోళ్ళు పగులుతాయంటారు. ముందురోజు సాయంత్రం గాలిదుమారానికి వేపకొమ్మ విరిగి మా వీధి తీగలమీద పడింది. మర్నాడు సరిగ్గా మిట్టమధ్యాహ్నం కరెంటు ఆగిపోయింది. మా ఇంట్లో ఫానూ ఆగిపోయింది!

నాకు ఆశ్చర్యం వేసింది. నెత్తిన నిప్పులు చెరిగే ఎండ. డాబామీద ఆరు పలకలు. ఐనా ఫాను తిరగదు! పైగా నేను వీధి వీధంతా, "మాకిక కరెంటు కోత లేదు, మా కరెంటు మాదే!" అని చెప్పుకుని ఉన్నాను. పక్కింటాయన అరుగుమీద కూర్చుని విసనకర్ర విసురుకుంటూ, "ఏం మేష్టారూ, మీ కరెంటు కూడా పోయిందే!" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. వీధి చివరికి పోయాను. అక్కడ లైన్‌మన్ స్తంభంమీద ఉన్నాడు. "మా కరెంటు ఎందుకు ఆపావు?" అని కిందినుంచే కేకలు వేశాను. అతను పని ముగించుకుని, దిగివచ్చి, తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

"మేష్టారూ, ట్రాన్స్‌ఫార్మరు దగ్గర స్విచ్చి తీసేసి స్తంభం ఎక్కుతాను. తీగలో కరెంటు లేదని చూసుకుని, ఆ ధైర్యంతోనే దానిమీద చెయ్యి వేస్తాను. నేను పైన ఉండగా మీ డాబామీంచి కరెంటు తీగలోకి వచ్చిందనుకోండి, నా గతేమిటి?" అన్నాడు.

నేను మాట్లాడలేదు.

"పదకొండు వేల వోల్టులను దించి మీ ఇళ్ళకు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మరే, వెనకనుంచి కరెంటు వస్తే దాన్ని మళ్ళీ పెంచుతుంది. అందుకే వీధి తీగలో కరెంటు ఆగితే మీ ఇన్వర్టరు రెండు సెకన్లలోపలే తనంతట తాను ఆగిపోయేట్టు చేశారు. నేను ఆపలేదండీ. అది పాడూ కాలేదు. నన్ను కాపాడుతున్నది."

కోతలోకూడా కరెంటు కావాలంటే బ్యాటరీ పెట్టుకోవచ్చుననీ, అప్పుడు కూడా ఇంటిని వీధి తీగనుంచి విడదీసే ఏర్పాటు ఉండి తీరాలనీ అతను చెప్పాడు. ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన నాకు ఆ పాఠం తెలియదు. సిగ్గువేసి, అతన్ని ఇంటికి పిలిచాను. మనవరాలు మజ్జిగ తెచ్చి ఇచ్చింది.

"మీ ఇంటిమీద కూడా ఈ పలకలున్నాయా మామయ్యా?" అని అడిగింది.

"లేవమ్మా. మాది అద్దె ఇల్లు. కప్పు మాది కాదుగా!" అని అతను నవ్వి, గ్లాసు కిందపెట్టి వెళ్ళిపోయాడు.

అతను వెళ్ళాక మనవరాలు, "తాతయ్యా, మనకొచ్చిన 78,000 ఎవరివి?" అన్నది.

"ప్రభుత్వానివి."

"ప్రభుత్వానికి ఎక్కడివి?"

"పన్నులవల్ల వస్తాయి. నువ్వు కొనే బిస్కెట్ల పొట్లంమీద కూడా పన్ను ఉంటుంది."

"ఆ మామయ్య కొనుక్కునే సబ్బుమీద?"

"దానిమీదా ఉంటుంది."

"ఐతే మన పలకల్లో ఒక ముక్క ఆయనది కూడాను!"

దానికి నేను జవాబు చెప్పలేకపోయాను. మధ్యాహ్నంపూట మేము వాడని కరెంటు తీగవెంట దగ్గరలో ఉన్న ఇళ్ళకే పోతుంది. బహుశా పక్కవీధిలో ఉన్న అతని ఫాను కూడా మా ఎండతోనే తిరుగుతుంది. కాని అతని బిల్లు తగ్గదు. ఇది నిజం, దాచి లాభం లేదు.

మర్నాడు నేను కాగితంమీద లెక్క అంతా వేసుకుని, అతని ఇంటి యజమాని దగ్గరికి వెళ్ళాను. ఆయన శ్రద్ధగా చూసి, "లెక్క బాగానే ఉంది మేష్టారూ. కాని బిల్లు కట్టేది అతను, ఖర్చు పెట్టేది నేనా?" అన్నాడు. "అద్దె కాస్త పెంచుకోండి, బిల్లు అంతకంటె ఎక్కువ తగ్గుతుంది, ఇద్దరికీ లాభమే," అన్నాను. "ఆలోచిద్దాం," అన్నాడు. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాడు. నేనూ నెలకొకసారి వెళ్ళి గుర్తుచేస్తూనే ఉన్నాను.

మా ఇంట్లో మాత్రం ఆనాటినుంచి ఒక మార్పు వచ్చింది. "ఉచిత కరెంటే గదా!" అనటం మానేశాము. ఎవరూ లేని గదిలో ఫాను తిరుగుతుంటే మనవరాలే పోయి ఆపుతుంది. ఎండ ముదరకముందే, చల్లని పూట, మా అబ్బాయి పలకలమీది దుమ్ము కడుగుతాడు. దుమ్ము పేరుకుంటే ఎండ లోపలికి పోదు గదా!

మీరూ ఒక పని చెయ్యండి, పిల్లలూ. ఇవాళ సాయంత్రం మీ నాన్నగారిని అడిగి మీటరులో అంకె రాసుకోండి. రేపు అదే వేళకు మళ్ళీ చూడండి. మీ ఇల్లు రోజుకు ఎన్ని యూనిట్లు తింటున్నదో తెలుస్తుంది. మీది సొంత ఇల్లయితే డాబామీద నీడపడని చోటు ఎంత ఉన్నదో కొలవండి. అద్దె ఇల్లయితే ఆ లెక్క మీ ఇంటి యజమానికి చూపించండి. పిల్లలు అడిగితే పెద్దలు కాస్త త్వరగా ఆలోచిస్తారు.

ఇంకొక సంగతి. స్తంభంమీద మనిషి కనిపిస్తే, కరెంటు ఎప్పుడు వస్తుందని కిందినుంచి కేకలు వేయకండి. దిగివచ్చాక ఒక గ్లాసు మంచినీళ్ళు ఇవ్వండి. డాబామీద పడే ఎండ మన ఒక్కరిదే కావచ్చు. ఆ ఎండను మోసే తీగ మాత్రం అందరిదీను.