ఫాల్స్ సీలింగ్ కంటే ముందు మీటరు బోర్డు

సూరత్‌లోని డిండోలిలో మా కొత్త ఇంటి పని ముగింపుకొచ్చేసరికి చేతిలో మిగిలిన డబ్బు కొంతే. హాల్లో ఫాల్స్ సీలింగ్ వేయిద్దామని ఇంట్లో అందరూ అన్నారు. నేను ముందు వానాకాలానికి ఖర్చుపెడదామన్నాను.

మగ్గాల పనికి సూరత్ వచ్చి స్థిరపడ్డ మనవాళ్లకు తుపాను అంటే బంగాళాఖాతమే గుర్తొస్తుంది. 2021 మే 17 రాత్రి తౌక్తే తుపాను సౌరాష్ట్రలో ఉనా దగ్గర తీరం దాటితే ఇక్కడా ఈదురుగాలికి చెట్లు కూలాయి. అయినా ఈ ఊళ్లో గాలి కంటే నీళ్లకే ఎక్కువ భయపడాలి. 2006 ఆగస్టులో ఉకాయ్ డ్యామ్ నుంచి వదిలిన నీటితో తాపీ పొంగి నగరంలో చాలా భాగం మునిగింది. తాపీ నిమ్మళంగా ఉన్న ఏడాది కూడా గట్టి వాన పడితే నగరంలోని లింబాయత్ వైపు ఖాడీలు, అంటే వాగులు, పొంగుతాయి.

"మోటారు కింద పెట్టకురా, నీళ్లొస్తే మొదట పోయేది అదే" అన్నాడు నాన్న. మోటారుకు ఎత్తుగా దిమ్మె కట్టించాం. మీటరు బోర్డు, ఇన్వర్టరు, కింది అంతస్తు ప్లగ్గులు ఛాతీ ఎత్తుకు పెట్టించాం. వీధి మురుగు వెనక్కి తన్నకుండా డ్రైనేజీ పైపుకు నాన్ రిటర్న్ వాల్వు వేయించాం. డాబా మీద నీళ్లు పోయే కన్నాన్ని మేస్త్రీ గుడ్డలతో బిగించి, డాబా నిండా నీళ్లు కట్టి రాత్రంతా ఉంచాడు. పొద్దున మెట్ల గది మూలన అరచేయంత చెమ్మ కనిపించింది. రంగులు వేయకముందే బయటపడింది కాబట్టి ఆ మూల ఒక్కటీ చెక్కి వాటర్‌ప్రూఫింగ్ చేస్తే సరిపోయింది.

బీమా సంగతి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. హోమ్ లోన్‌తో పాటు అంటగట్టే పాలసీ చాలాసార్లు అప్పు తీసుకున్న మనిషి ప్రాణానికి సంబంధించినదే. గోడ కూలితే దానితో రూపాయి రాదు. ఇంటికి వేరే పాలసీ కావాలి. 2021 ఏప్రిల్ నుంచి సాధారణ బీమా కంపెనీలన్నీ అమ్ముతున్న భారత్ గృహ రక్షలో తుపాను, వరద రెండూ ఉన్నాయి. బీమా మొత్తం లెక్క స్థలం ధర మీద కాదు, తిరిగి కట్టే ఖర్చు మీద. ఉదాహరణకు వెయ్యి చదరపు అడుగులకు అడుగుకు 2,000 రూపాయల చొప్పున 20 లక్షలు. ఇంట్లో సామానుకు అందులో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా, జాబితా ఇవ్వకుండానే కవరవుతుంది. బంగారం ఇందులోకి రాదు, దానికి విడిగా తీసుకోవాలి.

మన ఆడవాళ్లు ఇంట్లో చీరలకు లేసు కుడతారు, రాళ్లు అంటిస్తారు. ఆ మెషీను, జాబ్‌వర్క్‌కు తెచ్చిన చీరల కట్టలు ఇంటి సామాను కిందకు రావు. నీళ్లలో తడిస్తే ఆ నష్టం వ్యాపారికి కట్టాల్సింది మనమే. వాటికి చిన్న వ్యాపారాల పాలసీ ఉంది, అడిగి తీసుకోండి. అది కుదిరేదాకా కట్టల్ని పై అంతస్తులోనే ఉంచుతున్నాం.