1.35 ఓల్టుల కోసం

తిరుపతి, మంగళవారం రాత్రి

అన్నయ్యా,

దర్శనం బాగా జరిగింది. వదినకు లడ్డూలు భద్రంగా ఉంచాను. మధ్యాహ్నం నుంచి గాంధీ రోడ్డు చుట్టుపక్కల వాచీల కొట్లే తిరిగాను. మన మినోల్టా ఎస్‌ఆర్‌టి 101 లైట్ మీటర్‌కు సెల్ కావాలి కదా. 1966 నాటి ఆ మోడల్ అడిగేది 1.35 ఓల్టుల పీఎక్స్ 625 పాదరసం సెల్. ‘‘అవి రావడం ఎప్పుడో ఆగిపోయిందక్కా, ఇది సరిపోతాది చూడు’’ అంటూ ప్రతి కొట్లోనూ 1.5 ఓల్టుల అల్కలైన్ సెల్ చేతిలో పెట్టారు.

పాదరసం సెల్స్ ఆగిపోవడం మంచిదే. జపాన్‌లో మినమాటా తీరపు జనం పాదరసం కలిసిన చేపలు తిని ఎంత నరకం చూశారో నీకు తెలుసు. ఆ ఊరి పేరుతోనే 2013లో ఒప్పందం కుదిరింది, 2018లో మన దేశమూ అందులో చేరింది. ఫొటోల కోసం ఆ విషం మళ్లీ రావాలని నేను కోరుకోను.

చిత్రమేమిటంటే ఇది బ్యాటరీల ఊరు. పక్కనే కరకంబాడిలో 1985లో మొదలైన అమరరాజా వాళ్లు కార్ల బ్యాటరీలు చేస్తారు. మనకు కావలసిన గుండీ సెల్ మాత్రం చెవి మిషన్లు అమ్మే చోట దొరికింది! 675 నంబరు జింక్-ఎయిర్ సెల్, ఓల్టేజీ 1.4. వినికిడి బాగా తగ్గినవాళ్ల మిషన్లలో వేస్తారు. టీటీడీ వారి ‘శ్రవణం’ కేంద్రంలో మాటలు నేర్చుకునే పసిపిల్లలు గుర్తొచ్చారు. అలాంటి పిల్లలకు అవసరం కాబట్టే ఈ సెల్ ఇంకా మార్కెట్లో ఉంది, దాని పుణ్యాన మన కెమెరా కూడా బతుకుతోంది.

చంద్రగిరి, బుధవారం

అన్నయ్యా,

కోటలో రాజమహల్ ఎదుట చెట్టు నీడన కూర్చుని సెల్ మార్చాను. వీపున అంటించిన నీలం చీటీ పీకితే సూదిమొన అంత రంధ్రాలు కనిపిస్తాయి. వాటిలోంచి గాలి పోయి జింక్‌తో కలిస్తేనే కరెంటు పుడుతుంది. అందుకే చీటీ తీశాక కొన్ని నిమిషాలు ఆగాలి. మన కెమెరాలో సెల్ పెట్టే గదికి ఈ సెల్ చిన్నది. కుళాయి సామాన్ల కొట్లో కొన్న రబ్బరు రింగు చుట్టూ తొడిగితే కదలకుండా కూర్చుంది. రంధ్రాలకు రింగు అడ్డం రాకూడదు.

100 ఫిల్ముకు మిట్టమధ్యాహ్నపు ఎండలో 125, ఎఫ్ 16 అన్నది నువ్వు నేర్పిన లెక్కే. ఎండ పడిన నేల మీదికి తిప్పితే మీటర్ సరిగ్గా అదే చెప్పింది. తర్వాత అల్కలైన్ వేసి చూస్తే సూది ఇంకా పైకి పోయింది. ఓల్టేజీ ఎక్కువైతే కాడ్మియం సల్ఫైడ్ సెల్‌లో కరెంటు ఎక్కువ పారుతుంది, వెలుతురు ఎక్కువుందని మీటర్ నమ్ముతుంది. దాని మాట విని ఎపర్చర్ మూస్తే రాజమహల్ కమానుల కింది నీడలన్నీ ఫిల్ము మీద ఉత్త నలుపవుతాయి. నీ పెంటాక్స్ స్పాట్‌మాటిక్‌కు ఈ బాధ లేదు. అందులో బ్రిడ్జి సర్క్యూట్ ఉంది కనుక 1.55 ఓల్టుల సిల్వర్ ఆక్సైడ్ వేసినా ఒకటే. ఆ ఇంజనీర్లకు దణ్ణం పెట్టాలి!

హార్స్‌లీ హిల్స్, శుక్రవారం సాయంత్రం

అన్నయ్యా,

ఇక్కడ చలిగా ఉంది, శాలువా తెచ్చుకోవాల్సింది.

అల్కలైన్ వేసి ఐఎస్‌వో కాస్త తగ్గించి పెట్టుకుంటే చాలదా అని ఫోన్లో అడిగావు. చాలదు. ఎండలో ఉన్న తేడా, పొద్దువాలాక నీలగిరి చెట్ల కింద ఉన్న తేడా ఒకటి కావు. పైగా అల్కలైన్ వాడేకొద్దీ ఓల్టేజీ దిగజారుతుంది, ఇవాళ్టి సవరణ వచ్చే నెలకు పనికిరాదు. పాదరసం సెల్ గొప్పతనం చివరిదాకా ఒకే ఓల్టేజీ ఇవ్వడంలో ఉండేది. జింక్-ఎయిర్‌లోనూ ఆ నిలకడ ఉంది కానీ ఆయుష్షు తక్కువ. చీటీ తీశాక వాడినా వాడకపోయినా కొన్ని వారాలకే అయిపోతుంది. వేసిన తేదీ కెమెరా సంచిలో రాసి పెట్టాను.

నీ బీరువాలో పాత ఫిల్ము డబ్బాలో పాదరసం సెల్స్ ఉండాలి. చెత్తబుట్టలో వేయకు, పిల్లల చేతికి అందనివ్వకు. గాజు సీసాలో మూతపెట్టి ఉంచు. నేను వచ్చాక ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు అప్పగిద్దాం.

నీ చెల్లెలు