ఇనుము లారీ ఆగిన చోట...

సాయంత్రమైతే చాలు, విశాఖ కూర్మన్నపాలెం దగ్గర హైవే అంతా లారీలే. ఉక్కు కర్మాగారం వైపు నుంచి కడ్డీలు, కాయిల్స్ మోసుకుని ఒక్కొక్కటీ రోడ్డెక్కుతాయి. బెంగాల్, ఒడిశాల నుంచి ఇనుముతో వచ్చే బళ్లూ ఇక్కడే వాటితో కలుస్తాయి. కోల్‌కతా నుంచి చెన్నైకి పెద్దదారి ఇదే మరి! టైర్లు తట్టి చూసుకుని, ఓ టీ తాగి, క్లీనర్ తాళ్లు బిగించగానే... ఛలో దక్షిణాది.

అనకాపల్లి, తుని, అన్నవరం. నడిరాత్రికి రాజమండ్రి. తెల్లారాక బెజవాడ. చిలకలూరిపేట దాటితే మేదరమెట్ల, మద్దిపాడు, ఆ తర్వాత ఒంగోలు. విశాఖ నుంచి దాదాపు 500 కిలోమీటర్లు.

2008లో కొన్ని లారీలు ఈ ఒంగోలు ప్రాంతం దాటలేదు.

అప్పుడిది అయిదో నంబరు జాతీయ రహదారి. రాత్రిపూట ఓ అధికారి, వెంట సిబ్బంది. చెయ్యెత్తి లారీని ఆపుతారు. కాగితాలు చూపించమంటారు. డ్రైవరుకు ఇదేం కొత్త కాదు కదా! పక్కకు తీసి, రికార్డులు పట్టుకుని దిగుతాడు. వాటిని చూస్తున్నట్టు నటిస్తుండగానే వెనక నుంచి మెడకు తాడు పడేది. డ్రైవరు తర్వాత క్లీనరు. శవాలను గోనెసంచుల్లో కట్టి వాగుల పక్కన పూడ్చేసేవారు. ఇనుమును వ్యాపారులకు అమ్మేసేవారు. లారీనీ వదల్లేదు. మద్దిపాడు దగ్గర గోదాములో ముక్కలు చేసి తుక్కు కింద తూచేశారు.

ఆ అధికారి అధికారే కాదు. ఒంగోలుకు చెందిన అబ్దుల్ సమద్ అలియాస్ మున్నా. దారిదోపిడీ దొంగలంటే చీకట్లో రాళ్లు అడ్డం పెడతారనుకుంటాం. మున్నాకు ఆ అవసరమే రాలేదు. ఖాకీని చూస్తే లారీ దానంతటదే ఆగుతుందని అతనికి తెలుసు.

గుట్టు ఎలా బయటపడింది? ఆ ఏడాది అక్టోబరులో దుర్గాపూర్ నుంచి కల్పాక్కం బయల్దేరిన లారీ ఒకటి గమ్యం చేరలేదు. అందులో 21.7 టన్నుల ఇనుము. తమిళనాడుకు చెందిన యజమాని ఒంగోలు పోలీసులను ఆశ్రయించాడు. ఆ ఇనుము ఎక్కడ తేలిందో, లారీ ఏమైందో వెతుక్కుంటూ వెళ్తే ముఠా దొరికింది. పూడ్చినచోట తవ్వితే మనుషులు దొరికారు. కర్ణాటకలో తలదాచుకున్న మున్నా కూడా పట్టుబడ్డాడు.

సరుకుకు కాటా చీటీ ఉంది. బిల్లుంది. అడిగేవాళ్లున్నారు. మరి క్లీనరుకు? వారాల తరబడి ఇంటికి రాకపోవడం ఆ ఉద్యోగంలో మామూలే. నాన్న ఏ రాత్రి నుంచి రావడం లేదో లెక్క తేల్చడానికి ఇంట్లోవాళ్ల దగ్గర ఒక్క చీటీ అయినా ఉండదు.

విచారణ ఏళ్లకేళ్లు సాగింది. ఎట్టకేలకు 2021 మే 24న ఒంగోలులోని ఎనిమిదో అదనపు జిల్లా సెషన్స్ కోర్టు మున్నాతో కలిపి 12 మందికి ఉరిశిక్ష విధించింది. మిగతా దోషులకు యావజ్జీవం. ఒకే తీర్పులో అంతమందికి ఉరి అంటే రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. ఉరి అమలు కావాలంటే హైకోర్టు ధ్రువీకరణ తప్పనిసరి.

ఈలోగా దారే మారిపోయింది. నంబరు 16 అయింది. 2018 నుంచి సరుకుకు ఈ-వే బిల్లు. తీర్పుకు మూడు నెలల ముందు, 2021 ఫిబ్రవరిలో, టోల్‌గేట్ల దగ్గర ఫాస్టాగ్ తప్పనిసరి చేశారు. ఏ లారీ ఎన్నింటికి ఏ గేటు దాటిందో యజమాని ఫోనుకు సందేశం వచ్చేస్తుంది. వచ్చేది మాత్రం లారీ నంబరే. అందులో ఎవరున్నారో దానికి తెలియదు.

మద్దిపాడు మీదుగా ఈ రాత్రీ ఇనుము లారీలు వెళ్తాయి. టార్పాలిన్ మీద తాళ్లు బిగుతుగా ఉన్నాయో లేదోనని ఏ క్లీనరో కిటికీలోంచి తల బయటపెట్టి చూసుకుంటాడు. విశాఖలో కట్టిన ముడి చెన్నై దాకా ఆగాలి కదా!