స్లాషరు కత్తులు

నూజివీడు ప్రాంతంలోని మా మామిడితోటలో కాయకోత ముగిసి తొలకరి పడగానే గడ్డి మోకాలెత్తు లేస్తుంది. దానిని ట్రాక్టరుకు తగిలించిన స్లాషరుతో కోయిస్తాము. నిమిషానికి 540 చుట్లు తిరిగే పీ.టీ.ఓ. షాఫ్టు వేగాన్ని గేరుపెట్టె మరింత పెంచి కత్తులకు అందిస్తుంది. నేలలో రాళ్లు మెండు.

గత సంవత్సరం ఒక కత్తి విరిగి, ముక్క చాలా దూరాన పడినది. గడ్డి పోగుచేసే కూలీలు అప్పటికింకా రాలేదు. వచ్చి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడానికే భయం వేస్తుంది.

"అతుకు వేయించరాదా?" అన్నారు నాన్నగారు, ఖర్చుకు వెనుకాడి. మేస్త్రీ ఒప్పుకోలేదు. "కాల్చి, చల్లార్చి గట్టిపరచిన ఉక్కండీ ఇది. వెల్డింగు వేడికి ఆ గట్టిదనం చెడి, అతుకు పక్కనే మళ్లీ విరుగుతుంది. అప్పుడు ఆ ముక్క ఎవరికి తగలాలి?"

ట్రాక్టరు ఆపించి, తాళంచెవి తన జేబులో వేసుకొని, షాఫ్టు విడదీసి, పైకెత్తిన స్లాషరు క్రింద దుంగలు పెట్టిన తరువాతనే అతడు లోనికి చేయి చాచాడు. హైడ్రాలిక్‌ను నమ్మి క్రిందికి దూరేవారిని నేను చూశాను. అది ధైర్యం కాదు.

విరిగినది ఒకటే అయినా రెండు కత్తులూ మార్చాడు. అరిగినదానికీ కొత్తదానికీ బరువు సమం కాక యంత్రం అదిరి, బేరింగులు పాడవుతాయట. అసలు కారణం కూడా చూపించాడు: రాయి తగిలినపుడు వెనుకకు మడిగి తప్పుకోవలసిన కత్తి, మన్నూ తుప్పూ పట్టి బోల్టువద్ద బిగుసుకుపోయింది.

ఈ ఏడు స్లాషరు దింపకముందే నాన్నగారు దగ్గరుండి తోటలోని రాళ్లు ఏరించారు. రెండు బండ్లయినవి.