ఇక్కడో సంతకం పెట్టు!

మొన్న ఆదివారం మా అన్నయ్య ఊరినుంచి వచ్చాడు. సంచిలో వదిన చేసిన సున్నుండలు, వాటి కింద కాగితాలూ.

"ఏం లేదే, నాన్నగారి పొలం నా పేరుకి మార్పించాలి. నువ్విక్కడో సంతకం పెట్టు, చాలు" అన్నాడు.

సరిగ్గా ఆ వేళకి నా ఒళ్ళో ఇంగ్లండు పాత భూముల సర్వేల గురించిన పుస్తకం ఉంది. నవల కోసం తెచ్చుకున్నాలెండి.

1085 క్రిస్మస్‌కి విలియం రాజుగారికి ఓ ఆలోచన వచ్చింది. తను గెలిచిన రాజ్యంలో ఎవరి కింద ఎంత భూమి ఉందో, ఎన్ని నాగళ్ళున్నాయో, ఎన్ని మరలున్నాయో రాయించమన్నాడు. మరుసటేడు ఆ సర్వే జరిగింది. దాన్నే డూమ్స్‌డే బుక్ అంటారు. అందులో దొరలకి పేర్లున్నాయి. దున్నేవాళ్ళకి మాత్రం అంకెలే! ఫలానా ఊళ్ళో ఇంతమంది రైతులు, ఇంతమంది బానిసలు, అంతే.

దాదాపు రెండువందల ఏళ్ళకి, 1279లో, ఎడ్వర్డ్ రాజు మళ్ళీ సర్వే చేయించాడు. ఈసారి మామూలు రైతుల పేర్లూ ఎక్కాయి. ఎవరికెంత భూమి, దొర పొలంలో ఎన్నాళ్ళు వెట్టి చెయ్యాలి అన్నీ రాశారు. ఆ కాలపు లెక్కల్లో క్రిస్మస్‌కి ఇవ్వాల్సిన కోళ్ళు, ఈస్టర్‌కి ఇవ్వాల్సిన గుడ్లు కూడా ఉంటాయి. మరి ఆ కోళ్ళని పెంచిందెవరంటారు? ఆ ఇల్లాలి పేరు చాలాచోట్ల కనబడదు. మొగుడు పోయాక, ఫలానావాడి విధవరాలుగా కనబడుతుంది, వెట్టితో సహా! కూతురు కనబడేది ఆమె పెళ్ళికి దొరకి కట్టాల్సిన రుసుములో.

పుస్తకం మూసి అన్నయ్య కాగితం అందుకున్నాను. నాన్నగారి పేరు, అన్నయ్య పేరు, సర్వే నంబరు అన్నీ ఉన్నాయి. నా పేరు ఒక్కచోటే ఉంది, హక్కు వదులుకుంటున్నానన్న చోట. తండ్రి స్వార్జితంలో కూతురికీ వాటా ఉందని 1956 నుంచీ చట్టం చెబుతూనే ఉంది.

అన్నయ్య మంచివాడే. అమ్మని చివరిదాకా చూసుకున్నాడు. కాదు కాదు, చూసుకున్నది వదిన! ఆవిడ పేరు ఆ కాగితంలో ఎక్కడా లేదు.

"సంతకం పెడతాన్రా అన్నయ్యా. కానీ నా వాటా వదిన పేరున రాయించు" అన్నాను.

కాఫీ చల్లారేదాకా అన్నయ్య మాట్లాడలేదు. చివరికి కాగితాలు సంచిలో పెట్టుకుంటూ, "సరే, మీ వదిననడిగి చెబుతాను" అన్నాడు.

పొలం విషయంలో వదిననడగడం ఇదే మొదటిసారి.