ఐదో నంబరు అద్దం

నొప్పి లేని దెబ్బను రోగికి నమ్మించడం కష్టం. కంటి డాక్టర్లకు ఈ బాధ మరీ ఎక్కువ. అద్దం పెట్టుకోకుండా వెల్డింగ్ చేసినవాడు ఆ రాత్రే తలుపు కొడతాడు. కళ్ళలో ఇసుక పోశారంటాడు, దీపం వైపు చూడలేడు, కారే నీళ్ళు ఆగవు. వాడికి ధైర్యం చెప్పడం సులువు. దెబ్బ తగిలింది నల్లగుడ్డు పైపొరకే, ఒకటి రెండు రోజుల్లో కొత్త పొర వచ్చేస్తుంది. గ్రహణం చూసినవాడు మాత్రం మర్నాడు తీరిగ్గా వస్తాడు. కుర్చీలో కూర్చుని నవ్వుతూ మాట్లాడతాడు. నేను కంగారు పడేది వాడి గురించే.

పోర్ట్ బ్లెయిర్‌లో ప్రాక్టీసు పెట్టాక ఎండ కంటికి చేసే చెరుపు నాకు బాగా తెలిసొచ్చింది. (2024లో ఊరిపేరు శ్రీ విజయపురం అయింది. నా దగ్గరికొచ్చే వాళ్ళ నోట మాత్రం ఇంకా పాతపేరే.) జంగ్లీఘాట్ వైపు నుంచి వచ్చే జాలర్లలో చాలామంది మూలాలు శ్రీకాకుళం, విశాఖ తీరాల్లో ఉన్నాయి. వాళ్ళలో నలభై దాటిన వాళ్ళను పరీక్షిస్తే తెల్లగుడ్డు నుంచి నల్లగుడ్డు మీదికి పాకిన కండ తరచూ కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి నీటి మీద పడి తిరిగి కొట్టే ఎండ పెంచిన కండ అది. మా గడియారం ఢిల్లీది, మా సూర్యుడు మాత్రం దాదాపు ముప్పావు గంట ముందుంటాడు. జనం టిఫిన్లు తినేవేళకే రోడ్డు మీద ఎండ చురుక్కుమంటుంది.

2019 డిసెంబర్ 26న అలాంటి ఎండలోనే గ్రహణం పట్టింది. కేరళలో, తమిళనాడులో కణ్ణూరు, కోయంబత్తూరు లాంటి చోట్ల సూర్యుడు కంకణంలా కనబడ్డాడు. మా దీవుల్లో పాక్షికం, సగానికి పైగా మూసుకుపోయింది. పాక్షికం అనేసరికి జనానికి చులకన. కంకణం కాదు, సంపూర్ణం కాదు, సగమే కదా అనుకుంటారు. నిజానికి భయపడాల్సింది ఆ సగానికే. సంపూర్ణ గ్రహణంలో బింబం పూర్తిగా మరుగయ్యే ఆ కొద్ది నిమిషాలు తప్ప ఉత్తకంటితో చూడదగ్గ ఘడియ ఏ గ్రహణంలోనూ లేదు. పాక్షికంలో ఆ కొద్ది నిమిషాలు కూడా రావు.

మర్నాడు వచ్చిన కుర్రాడికి ఇరవై రెండేళ్ళు. రేవు దగ్గర వర్క్‌షాపులో పని, ఓడల్లో డెక్ మీద ఉద్యోగానికి ప్రయత్నం. "నొప్పేమీ లేదు సార్. మిమ్మల్ని చూస్తుంటే మీ ముక్కు కనబడట్లేదు, చెవులు కనబడుతున్నాయి" అన్నాడు. గళ్ళ కాగితం చేతికిచ్చాను. ఎడమ కంటికి గళ్ళన్నీ తిన్నగానే ఉన్నాయి. కుడి కంటికి మధ్యలో నాలుగు గళ్ళు వంకర తిరిగి, వాటి నడుమ బూడిదరంగు మచ్చ ఉంది. లోపలికి చూస్తే రెటీనాలో సూటి చూపునిచ్చే మాక్యులా నడిబొడ్డున చిన్న పసుపు చుక్క. ఉత్తకంటితో చూశావా అంటే పౌరుషం వచ్చింది. వెల్డింగ్ అద్దంతోనే చూశాడట. జేబులోంచి తీసి బల్ల మీద పెట్టాడు. గ్యాస్ కటింగ్ కళ్ళజోడులోంచి ఊడదీసిన గుండ్రటి ఆకుపచ్చ అద్దం, అంచున 5 అంకె.

అద్దాన్ని వెల్డింగ్ అద్దమనగానే సరిపోదు. ఐదో నంబరు వందలో సుమారు రెండు పాళ్ళ వెలుగును లోపలికి వదులుతుంది. సూర్యుణ్ణి చూడ్డానికి కావలసిన పద్నాలుగో నంబరు లక్షలో ఒక పాలు కూడా వదలదు. పైగా ముదురు అద్దం వెనక కంటిపాప పెద్దదవుతుంది, రెప్ప వాల్చాలనిపించదు. భూతద్దంతో కాగితం కాల్చిన పోలిక అందరూ చెబుతారు గానీ అది సగమే నిజం. ఇక్కడ చెడేది ఎక్కువగా వేడితో కాదు, నీలం వైపు వెలుగు రెటీనా కణాల్లో రేపే రసాయన చర్యతో. రెటీనాకు నొప్పి తెలిసే నరాలు లేవు. ఆ చర్య ముదిరి చూపులో తేడా తెలిసేసరికి కొన్ని గంటలు పడుతుంది. గ్రహణం రోజున సూర్యుడు కొత్తగా విషకిరణాలేమీ విడవడు. రోజూ ఉండే సూర్యుడే, రోజూ మనం చూడం.

ఆ వారంలోనే మరో కేసు విన్నాను, కాదు, చూశాను. గ్రహణం రోజు సాయంత్రం ఎనిమిదో నెల గర్భిణిని కళ్ళు మసకలంటూ తీసుకొచ్చారు. ఆ నెలల్లో మసక అంటే నాకు ముందు గుర్తొచ్చేది బీపీ. కొలిచాను, మామూలుగానే ఉంది. కాళ్ళ వాపు లేదు, తలనొప్పి లేదు, రెటీనా శుభ్రంగా ఉంది. ఆరా తీస్తే ముందురోజు రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. గ్రహణం పడితే బిడ్డకు మొర్రి వస్తుందన్న భయంతో చీకటి గదిలో కదలకుండా వెల్లకిలా పడుకోబెట్టారట. ఓఆర్ఎస్ తాగించి, ఎడమ పక్కకు తిప్పి పడుకోబెడితే గంటలో చూపు తేటపడింది. పక్కనున్న ప్రసూతి డాక్టరమ్మ బిడ్డ గుండె విని, పర్వాలేదంది.

ఇదంతా చేయించిన ఆమె అత్తగారి మీద కోపం వచ్చింది గానీ ఎక్కువసేపు నిలవలేదు. "అదే తారీకు బాబూ, సముద్రం మీదకొచ్చిన తారీకు" అంది ఆవిడ. 2004 సునామీ కూడా డిసెంబర్ 26నే. అప్పుడు పున్నమి, ఇప్పుడు అమావాస్య. సునామీకి కారణం సుమత్రా దగ్గర సముద్రం అడుగున వచ్చిన భూకంపం, దానికీ గ్రహణానికీ సంబంధం లేదని చెప్పొచ్చు, చెప్పాను కూడా. ఆ రోజు చూసిన మనిషికి అది ఎంతవరకు ఎక్కుతుంది? మొర్రి సంగతి మాత్రం విడమర్చి చెప్పాను. పై పెదవి రెండో నెలలోనే అతుక్కుంటుంది, అంగిలి మూడో నెలకల్లా మూసుకుంటుంది, ఎనిమిదో నెలలో గ్రహణం వచ్చి చీల్చేదేమీ లేదని. ఆవిడ శ్రద్ధగా విని, "ఐతే రెండో నెలోళ్ళనే దాసాల గావాల" అంది. ఇంత చురుకైన మనిషితో వాదించి గెలవడం నా వల్ల కాదు.

గ్రహణమంటే భయపడి తలుపులు మూసుకున్న వాళ్ళలో ఒక్కరికీ నేను రెటీనా దెబ్బ చూడలేదు. ఆ భయాన్ని ఎగతాళి చేసి వీధిలోకొచ్చిన వాడికే చూశాను. దీన్నిబట్టి భయమే మేలని తీర్మానించను, ఆ గర్భిణి మొహం నాకింకా గుర్తుంది. కానీ 'చూడొద్దు' అన్న మాటను కొట్టేసి, 'దేనితో చూడాలి' అన్నది చెప్పకుండా వదిలేసేవాళ్ళు అత్తగారి కంటే ఎక్కువ చెరుపు చేస్తారు. మసి పూసిన గాజుముక్క, రంగు ఫోటో ఫిల్ము, ఈ రోజుల డిజిటల్ ఎక్స్‌రే ఫిల్ము, ఏదీ పనికిరాదు. పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి అందులో బింబం చూడటం మన వైపు పాత అలవాటు. సోక్రటీస్ కూడా నీటిలో చూడటం గురించి అన్నట్టు ప్లేటో రాశాడు. అయినా నీటిలో కనబడే సూర్యుడూ కంటికి ఎక్కువే. ఐఎస్ఓ 12312-2 ముద్ర ఉన్న కళ్ళజోడు దొరికితే మంచిది. దొరక్కపోతే చెట్టుకింద నిలబడి తల దించుకోవడమే. ఆకుల సందుల్లోంచి పడే వెలుగు చుక్కలన్నీ నెలవంకలైపోతాయి. నేను ఆ రోజు చూసింది అలాగే, బాదం చెట్టు కింద, కాంపౌండరుతో కలిసి.

కుర్రాడికి నేనిచ్చిన మందేమీ లేదు. చెన్నై పంపి ఓసీటీ స్కాన్ తీయించాను, రెటీనా వెలుపలి పొరలో సన్నటి చీలిక కనిపించింది. దీన్ని బాగు చేస్తుందని రుజువైన మందు ఇప్పటికీ లేదు. స్టెరాయిడ్ ఇమ్మని వాళ్ళ మేనమామ పట్టుబట్టాడు. ఇవ్వలేదు, అవి కొందరిలో మాక్యులా కింద నీరు చేరేలా చేస్తాయి. మొదటి రోజు 6/24 ఉన్న చూపు ఆరు నెలలకు 6/9 దాకా వచ్చి ఆగింది. మామూలు బతుక్కి అది చాలు. డెక్ ఉద్యోగానికి మాత్రం చూపు నిబంధన కఠినం. ఇంజన్ వైపు నిబంధన అంత కఠినం కాదని తెలుసుకుని అటు మళ్ళాడు.

సెలవులకు వచ్చినప్పుడల్లా చూపు పరీక్ష చేయించుకుంటాడు. కుడి కంటితో ఆఖరి వరుసలో ఒక అక్షరం ఇప్పటికీ ఊహించే చెబుతాడు, నాకు తెలుసని వాడికి తెలుసు. మొన్న పద్నాలుగో నంబరు అద్దం పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాడు. 2031 మేలో మళ్ళీ కంకణ గ్రహణం దక్షిణాది మీదుగా పోతుందట, మన దీవుల నుంచీ కనబడుతుందట, ఇది సరిపోతుందా అని అడిగాడు. వెలుగుకు పట్టి చూశాను, గీతలు లేవు, అంకె సరిగానే ఉంది. సరిపోతుందన్నాను.

"రెండు కళ్ళకీ పెట్టాలా సార్, బాగున్న కంటికి పెడితే చాలా?"

రెండిటికీ అన్నాను.