ఆ డిస్కు గట్టిదే

తిరునాళ్ళలో బెలూన్లు కొట్టే తుపాకీ మీలో చాలామంది పట్టుకునే ఉంటారు. బోర్డు నిండా బెలూన్లు ఉంటాయి కాబట్టి ఎటు పేల్చినా ఏదో ఒకటి పగులుతుంది. మనమేదో అర్జునుడి వారసులం అనుకుంటూ జీళ్ళు కొనుక్కుని ఇంటికొస్తాం. నా షూటింగ్ చరిత్ర కూడా అక్కడే మొదలైంది. అక్కడే ఆగిపోయుంటే ఈ వ్యాసం ఉండేది కాదు.

నూజివీడు దగ్గర మా ఊళ్ళో బాబాయికి మామిడితోట ఉంది. తోటకి కోతుల బెడద. వాటిని కొట్టడానికి కాదుగానీ బెదిరించడానికని బాబాయి ఒక ఎయిర్‌గన్ కొన్నాడు. మధ్యకి విరిచి గుండు పెట్టే స్ప్రింగు రకం, 4.5 మిల్లీమీటర్ల గొట్టం. నేను తొమ్మిదో తరగతి అయిన వేసవి సెలవుల్లో బాబాయి మధ్యాహ్నం కునుకు తీస్తుంటే దాన్ని చప్పుడు కాకుండా తోటలోకి పట్టుకెళ్ళేవాణ్ణి. బెలూన్లు లేవు. షెడ్డు వెనక పాత ట్రాక్టరు డిస్కు నాగలి పళ్ళెం ఒకటి తుప్పు పట్టి పడుంది. దాన్ని చెట్టుకి ఆనించి పెట్టా, గుంట ఉన్నవైపు నావైపుకి. ఎందుకంటే అటువైపే పెద్ద గిన్నెలా, టార్గెట్‌లా కనిపించింది.

మూడోరోజుకి సీసం గుండ్లు అయిపోయాయి. సైకిల్ షాపులో బేరింగు గుండ్లు తెచ్చి, వదులుగా ఉన్నాయని చిన్న కాగితం ముక్క చుట్టి పెట్టి పేల్చా. టంగుమంది. ఆ వెంటనే నా వెనక నులకమంచం మీద కూర్చుని లెక్క రాస్తున్న చెల్లి "అమ్మా" అంది.

బాబాయి కూతురు. అప్పుడు దానికి ఎనిమిదేళ్ళు. కుడి కనుబొమ్మ చీలింది. రెండు కుట్లు పడ్డాయి. ఇంట్లో నేను చెప్పింది: మంచం కోడు తగిలింది అని. ఎవరూ అడగకుండానే అదీ అదే చెప్పింది. ఆరేళ్ళుగా మా ఇంట్లో అది మంచం కోడు దెబ్బే.

ఇప్పుడు అసలు విషయానికొస్తా. మొన్న దసరాకి చెల్లి ఫోన్ చేసింది. స్కూల్లో ఎన్‌సీసీలో చేరి, ఫైరింగ్‌కి వెళ్ళి, అది తలకెక్కి, ఇప్పుడు ప్రతి ఆదివారం విజయవాడలో ఎయిర్ రైఫిల్ కోచింగ్‌కి వెళ్తోంది. పది మీటర్ల దూరంలో కాగితం టార్గెట్, దాని మధ్యలో పది మార్కుల చుక్క వెడల్పు సరిగ్గా అర మిల్లీమీటరు. క్లబ్బు రైఫిల్ ఇంటికివ్వరు కాబట్టి ఇంట్లో బాబాయి పాత ఎయిర్‌గన్‌తోనే ప్రాక్టీసు. "కాగితం పెడితే ప్రతిసారీ నడిచెళ్ళి చూసుకోవాలి అన్నయ్యా. ఇనప ప్లేటైతే చప్పుడే చెప్తుంది. నువ్వు మెకానికల్ కదా, ఒకటి చేసిపెట్టవా?" అంది.

ఎవరిని అడుగుతోందో దానికి గుర్తులేదా, గుర్తుండే అడుగుతోందా అన్నది నాకు అర్థం కాలేదు. సరే అన్నా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

భయమేస్తే మన బ్రాంచి వాళ్ళు చేసే పనే నేనూ చేశా. మెటీరియల్ మీద పడ్డా. పెదనాన్న గారబ్బాయి డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, వారాంతాల్లో ఫ్రెండ్స్‌తో రేంజికి వెళ్తాడు. అక్కడ స్టీల్ టార్గెట్లు మామూలు విషయం. ఫోటోలు పంపమంటే పంపాడు. వాళ్ళు వాడేది ఏఆర్500 అనే ఉక్కు. ఏఆర్ అంటే అరుగుదలని తట్టుకునేది, 500 అంటే దాని బ్రినెల్ హార్డ్‌నెస్ సుమారుగా. మన వెల్డింగ్ షాపుల్లో దొరికే మామూలు ఎంఎస్ ప్లేటు 120, 130 దగ్గర ఉంటుంది. ఏఆర్500 నిజానికి టార్గెట్ల కోసం పుట్టింది కాదు. గనుల్లో టిప్పర్ల తొట్లకీ, బకెట్లకీ రాళ్ళ రాపిడి తట్టుకోవడానికి వాడే రకం. పిస్టళ్ళకీ, మామూలు రైఫిళ్ళకీ అక్కడ 3/8 అంగుళం మందం, అంటే తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు వాడతారు. పెద్ద రైఫిళ్ళకైతే అర అంగుళం. అదే తూటాలతో మెత్తటి ప్లేటుని కొడితే గుంటలు పడతాయి. గుంట పడ్డ ప్లేటు మీద తర్వాతి తూటా ఎటు తిరిగొస్తుందో చెప్పలేం. చదునుగా, గట్టిగా ఉన్న ప్లేటు మీదైతే సీసం చితికి, ప్లేటు అంచుల వెంబడి పక్కలకి చిమ్ముతుంది. అందుకే గుంటలు పడ్డ ప్లేటుని పక్కన పడేయాలంటారు.

ఇది చదివాక నాకు జ్ఞానోదయం అయినట్టనిపించింది. అంతా గట్టిదనంలోనే ఉంది! ఆటోనగర్ వెళ్ళా. టిప్పరు బాడీలు కట్టే షెడ్డు దగ్గర హార్డాక్స్ ముక్కలు ఉంటాయని సీనియర్ చెప్పాడు. అక్కడాయన నన్ను కిందనుంచి పైదాకా చూసి, "దేనికి తమ్ముడూ?" అన్నాడు. ప్రాజెక్టు అన్నా. ఈ దేశంలో ఆ ఒక్క మాటతో ఏదైనా కొనుక్కోవచ్చు. పది మిల్లీమీటర్ల ముక్కని గ్యాస్ కటింగ్‌తో గుండ్రంగా కోసిచ్చాడు, పదిహేను సెంటీమీటర్ల వెడల్పు.

కాలేజీకి తెచ్చి ల్యాబ్‌లో రాక్‌వెల్ మెషీన్ మీద పెట్టా. మధ్యలో సి స్కేలు మీద 48 వచ్చింది. అంచుకి దగ్గర్లో 33. రెండు మూడుసార్లు చూసినా అంతే. రెండో సంవత్సరంలో మార్కుల కోసం బట్టీ పట్టిన టెంపరింగ్ పాఠం అప్పుడు కళ్ళముందు కనిపించింది. చల్లార్చి గట్టిపరిచిన ఉక్కుని మళ్ళీ వేడిచేస్తే మెత్తబడుతుంది. గ్యాస్ మంట చేసింది అదే. అందుకే మంచి టార్గెట్లని వాటర్‌జెట్‌తోనో, లేజర్‌తోనో కోస్తారు, ముందువైపు ఎక్కడా వెల్డింగ్ పెట్టరు.

నేను మొహం వేలాడేసుకుని కూర్చుంటే వర్క్‌షాపు ఇన్‌స్ట్రక్టర్ గారు వచ్చి, "ఏం బాబూ, ఏం చేస్తున్నావ్?" అన్నారు. చెప్పా. "తుపాకీ ఏది?" ఎయిర్‌గన్ సార్ అన్నా. ఆయన నవ్వలేదు. "గుండు బరువెంత? వేగమెంత? లెక్కేశావా?" అన్నారు. వెయ్యలేదు. ఫైనలియర్‌కి వస్తున్నా, గుండు బరువు చూడకుండా ఆటోనగర్ దాకా వెళ్ళొచ్చా.

అక్కడే కూర్చుని వేశా. గుండు అర గ్రాము, వేగం సెకనుకి 200 మీటర్లు అనుకుందాం. శక్తి పది జౌళ్ళు. మామూలు మూడు మిల్లీమీటర్ల ఎంఎస్ ప్లేటు మీద మెత్తటి సీసం గుండుకి ఇది గుంట పెట్టేంత కాదు. ఇంకో లెక్క: నా గొప్ప ప్లేటు బరువు కిలో నాలుగొందల గ్రాములు. ఆ గుండు తగిలితే అది సెకనుకి ఏడు సెంటీమీటర్ల వేగంతో కదులుతుంది, అంటే కదిలినట్టే తెలీదు. అదే ఆరు సెంటీమీటర్ల వెడల్పు, మూడు మిల్లీమీటర్ల బిళ్ళ అయితే బరువు 67 గ్రాములే. తగిలితే హాయిగా ఊగుతుంది.

"పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అంటే ఇదే," అన్నారు సార్. తర్వాత, "మరి అప్పుడు దెబ్బ ఎందుకు తగిలింది?" అని అడిగారు. మాటల్లో అదీ చెప్పేశా మరి. ఇంట్లో ఆరేళ్ళు దాచింది ఆయనకి ఆరు నిమిషాల్లో చెప్పేశా.

నేను ఆలోచించాల్సిన ప్రశ్న అదే. నాగలి డిస్కు మెత్తటిదా? కాదు. రాళ్ళల్లో దున్నేది, దాన్ని గట్టిపరిచే చేస్తారు. ఆ డిస్కు గట్టిదే. ఇన్నాళ్ళూ ఇనుము మంచిది కాకపోవడం వల్ల జరిగిందని నాకు నేను చెప్పుకుంటున్నా. జరిగింది వేరు. సీసం గుండైతే తన శక్తిని తను చితకడంలోనే ఖర్చుపెట్టేసేది. బేరింగు గుండు చితకదు, బంతిలా తిరిగొస్తుంది. పైగా గిన్నెలాంటి పళ్ళెం, గుంట నావైపుకి. టార్చిలైటు వెనక అద్దం వెలుగుని ముందుకి ఎలా పంపుతుందో, అది గుండుని మావైపుకి అలా పంపింది. దాని కన్ను మిగలడానికి కారణం కూడా బహుశా నా తెలివితక్కువతనమే. గుండు వదులుగా ఉండి సగం గాలి పక్కనుంచి పోయుంటుంది.

ఆ తర్వాత పని తేలికగా సాగింది. స్టాండు గురించే ఎక్కువ ఆలోచించా. నిజానికి ప్లేటు కంటే స్టాండే ముందు దెబ్బతింటుంది, గురి తప్పిన గుండ్లన్నీ దానికే కదా. డాలస్ అన్నయ్య పంపిన ఫోటోల్లో నిలువు కర్రలన్నీ చెక్కవే. చెక్కయితే గుండు దిగబడిపోతుంది, పాడైతే మార్చుకోవచ్చు. కాబట్టి రెండు సరుగుడు కర్రలు, పైన అడ్డంగా యాంగిల్ ముక్క, దాని మూల మనవైపుకి ఉండేలా. తగిలినా చితికిన సీసం పక్కలకి పోతుంది. బిళ్ళల వెనక నట్టు వెల్డ్ చేసి, ఆ నట్టులో బోల్టు పెట్టి, దానికి పాత కన్వేయర్ బెల్టు రబ్బరు పట్టీ. వేలాడే చోటు బిళ్ళకి వెనకగా ఉంది కాబట్టి బిళ్ళ తనంతట తనే ముఖం నేలవైపుకి వంచుకుంటుంది, సుమారు ఇరవై డిగ్రీలు. చితికిన సీసం కిందున్న ఇసుక తొట్టిలో పడుతుంది. స్టాండు గాలికి పడకుండా అడుగున బరువు కావాలి. ఆటోనగర్ ప్లేటుకి ఆ ఉద్యోగం ఇచ్చా.

సంక్రాంతికి బస్సులో దాన్నంతా విప్పి గోనెసంచిలో తీసుకెళ్ళా. షెడ్డు వెనక గోడకి యూరియా సంచుల్లో ఇసుక నింపి పేర్చాం, మనిషెత్తు. పది మీటర్లు టేపుతో కొలిచాం. వర్క్‌షాపు పాలీకార్బొనేట్ కళ్ళద్దాలు నాలుగు జతలు తెచ్చా, పేల్చేవాళ్ళకే కాదు, చూసేవాళ్ళకీ. షెడ్డు మొత్తం వెతికి బేరింగు గుండ్లనేవి లేకుండా ఏరి పారేశా. చెల్లి అదంతా చూసి, "నీకింకా అంత భయమా?" అంది. గుర్తుంది దానికి.

మొదటి గుండు ఇసుకలోకి పోయింది. రెండోది టంగుమంది. నా ఒళ్ళు జలదరించింది. చేత్తో కళ్ళు మూసుకున్నానట, అద్దాల మీదనుంచే. అది మళ్ళీ విరిచి గుండు పెట్టుకుంటూ ఉంది. మూడు, నాలుగు, ఐదు. ఆరో దాకా నేను బిళ్ళని చూడలేదు, దాని మొహమే చూస్తున్నా. కనుబొమ్మ మీద ఆ గీత దగ్గర వెంట్రుకలు ఇప్పటికీ మొలవలేదు.

పిన్ని వంటింట్లోంచి వచ్చింది. "ఏంటే ఆ చప్పుడు?"

"అన్నయ్య చేసిన టార్గెట్."

నేను, "పిన్నీ, అప్పుడు మంచం కోడు అని చెప్పాం కదా..." అని మొదలుపెట్టా.

"తెలుసులేరా. కుట్లేసిన డాక్టరు అప్పుడే చెప్పాడు. బాబాయి ఆ తుపాకీని ఏడాది బీరువాలో ఎందుకు పెట్టి తాళం వేశాడనుకున్నావ్?" అంది. కాసేపు స్టాండుని అటూ ఇటూ కదిపి చూసింది. "గట్టిగానే ఉంది. ఆ సీసం ముట్టుకున్న చేతులు సబ్బుతో కడుక్కుని రండి, గారెలు చల్లారిపోతున్నాయి."

మొన్న చెల్లి మెసేజ్ పెట్టింది. ఎడంవైపు రబ్బరు పట్టీ చీలిందట, ఈసారి వచ్చేటప్పుడు ఇంకో రెండడుగుల బెల్టు తెమ్మంది.